రెండో నోడ్‌లో రూట్ స్క్రిప్టు ముందుకు కదలడం లేదు: ఒరాకిల్ 19సీ గ్రిడ్ ఇన్‌స్టలేషన్‌పై సలహా కావాలి

గాజువాక_సర్వర్ | శుక్రవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో సర్వర్ల నిర్వహణ చూసే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. రొయ్యల ఎగుమతి చేసే మా క్లయింటు ఒకరు తమ పాత డేటాబేసు సర్వరును పక్కనపెట్టి, రెండు కొత్త సర్వర్ల మీద ఒరాకిల్ ఆర్‌ఏసీ పెట్టమన్నారు, అంటే రెండు సర్వర్లు (నోడ్లు) ఒక జట్టుగా (క్లస్టర్‌గా) ఒకే డేటాబేసును నడపాలి. దానికి పునాదిగా ఉండే గ్రిడ్ సాఫ్ట్‌వేరును ముందు పెడుతున్నాను. ఒక్కో సర్వరులో 128 జీబీ మెమరీ ఉంది, రెండింటిలోనూ రెడ్‌హ్యాట్ లినక్స్ 8 ఉంది, ఫైబర్ ఛానెల్ మీదుగా రెండింటికీ ఒకే స్టోరేజీ కలిపి ఉంది. ఒక్కో సర్వరుకు నాలుగు నెట్‌వర్క్ పోర్టులు ఉండగా, రెండింటిని కలిపి పబ్లిక్ నెట్‌వర్కుకు, మిగిలిన రెండింటిని కలిపి, నోడ్లు తమలో తాము మాట్లాడుకునే ప్రైవేటు నెట్‌వర్కుకు కేటాయించాను.

ఇన్‌స్టలేషన్‌కు ముందు క్లస్టర్ వెరిఫికేషన్ సాధనాన్ని నడిపితే, స్కాన్ పేరు (అప్లికేషన్లు క్లస్టర్‌ను చేరే ఉమ్మడి పేరు) గురించిన ఒక హెచ్చరిక తప్ప మిగతా అన్నీ సరిగానే ఉన్నాయని చెప్పింది. ఇన్‌స్టాలర్ చివర్లో అడిగినట్టే, క్లస్టర్‌ను అమర్చి లేపే రూట్ స్క్రిప్టును మొదటి నోడ్‌లో నడిపాను, అది సజావుగా పూర్తయింది. రెండో నోడ్‌లో మాత్రం 19 అడుగుల్లో 'స్టార్ట్‌క్లస్టర్' అనే అడుగు దగ్గర చాలాసేపు నిలబడి, చివరకు విఫలమైంది. రెండుసార్లు ప్రయత్నించినా అదే ఫలితం. సోమవారం క్లయింటు ముందు చూపించాలి. ఎక్కడ వెతకాలో తోచడం లేదు, దయచేసి దారి చూపండి.

మర్రిపాలెం_అడ్మిన్ | శుక్రవారం, రాత్రి 10.05

నాకూ ఒకసారి ఇలాగే జరిగింది. రెండు నోడ్లలోనూ గ్రిడ్‌ను పూర్తిగా తొలగించి, డిస్కుల మొదటి భాగాన్ని డీడీ ఆదేశంతో సున్నాలు చేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. మూడు గంటల్లో అయిపోతుంది. లాగ్‌లు చదువుతూ కూర్చుంటే తెల్లవారిపోతుంది.

సీతమ్మధార_పాత_డీబీఏ | శుక్రవారం, రాత్రి 10.30

గాజువాక తమ్ముడూ, దయచేసి ఏదీ తుడిచివేయవద్దు. మర్రిపాలెం మిత్రుడు చెప్పిన మార్గం అన్ని దారులూ మూసుకుపోయిన తర్వాత పట్టవలసినది. మొదటి నోడ్‌లో స్క్రిప్టు పూర్తయిందంటే, ఓటింగ్ డిస్కులు (ఏ నోడ్ క్లస్టర్‌లో ఉండాలో తేల్చేవి), క్లస్టర్ రిజిస్ట్రీ (దాని అమరికలు ఉండే చోటు), ఏఎస్ఎం (డిస్కులను చూసుకునే ఒరాకిల్ భాగం) డిస్కు గ్రూపు అన్నీ తయారై ఉన్నాయన్న మాట. పైగా 11జీ రెండో విడుదలలో వచ్చిన 11.2.0.2 నుంచి రూట్ స్క్రిప్టు తాను ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టుకుంటుంది. లోపాన్ని సరిచేసి అదే స్క్రిప్టును మళ్లీ నడిపితే, ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. కారణం తెలియకుండా తుడిచేస్తే, మూడు గంటల తర్వాత మీరు మళ్లీ ఇదే అడుగు దగ్గర నిలబడి ఉంటారు.

నాకు మూడు సంగతులు చెప్పండి. మొదటిది, రెండో నోడ్‌లో స్క్రిప్టు నిలిచి ఉన్న సమయంలో సీఎస్ఎస్ (నోడ్ల సభ్యత్వాన్ని చూసే సేవ) ఆన్‌లైన్‌లో ఉందా, లేదా? రెండోది, ఆ నోడ్‌లో ఏఎస్ఎం ఇన్‌స్టెన్స్ (ఆ నోడ్‌లో నడిచే ఏఎస్ఎం) తాలూకు అలర్ట్ లాగ్‌లో చివరి ఇరవై ముప్ఫై వరుసలు ఏమంటున్నాయి? మూడోది, వెరిఫికేషన్ నడిపిన తర్వాత సర్వర్లలో గానీ, స్విచ్‌లో గానీ ఏమైనా మార్చారా? ఈ మూడో ప్రశ్నకు అందరూ మొదట 'లేదు' అనే చెబుతారు, కాబట్టి కాస్త ఆలోచించి రాయండి.

ఎంవీపీ_లినక్స్ | శుక్రవారం, రాత్రి 10.50

ఈలోగా ఒక అనుమానం తీర్చండి. 19సీ మొదటి విడుదల వచ్చే నాటికి దానికి లినక్స్ 8 పరిచయం లేదు. అందువల్ల ఆ మూల సాఫ్ట్‌వేరును లినక్స్ 8 మీద నేరుగా నడిపితే, ఆపరేటింగ్ సిస్టం తనిఖీ దగ్గరే ఐఎన్ఎస్-08101 అనే దోషం చూపించి ఆగిపోవాలి. మీరు అది దాటి వచ్చారంటే పంపిణీ పేరును పాత సంఖ్యగా నమ్మించే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి ఉంటారు. అది పెట్టడంలో తప్పు లేదు గానీ, దాంతోపాటు కొత్త రిలీజ్ అప్‌డేట్‌ను కూడా ఇన్‌స్టలేషన్ మొదలయ్యే ముందే, గ్రిడ్ సెటప్ స్క్రిప్టుకు ఇచ్చే అప్లై ఆర్‌యూ ఆప్షన్‌తో కలిపి వేశారా? వేయకపోతే కెర్నెల్‌కు సంబంధించిన చిక్కులు తర్వాత బయటపడతాయి.

ఇంకొకటి, జిప్ ఫైలును మొదటి నోడ్‌లోని గ్రిడ్ హోమ్‌లో మాత్రమే విప్పాలి. 12.2 నుంచి పద్ధతి ఇదే. రెండో నోడ్‌కు ఇన్‌స్టాలరే కాపీ చేస్తుంది. రెండు చోట్లా విప్పి, అనుమతుల గొడవలో చిక్కుకున్నవాళ్లను నేను చూశాను.

గాజువాక_సర్వర్ | శుక్రవారం, రాత్రి 11.35

ఎంవీపీ గారూ, అప్‌డేట్‌ను ముందే కలిపాను, జిప్‌ను ఒక్క చోటే విప్పాను. మధ్యలో ఎస్‌ఎస్‌హెచ్ (ఒక సర్వరు నుంచి మరో దానిలోకి లాగిన్) పరీక్ష దగ్గర ఐఎన్ఎస్-06006 వస్తే, ఫైళ్లు కాపీ చేసే ఎస్‌సీపీ ఆదేశం కొత్త వెర్షన్ కఠినంగా వ్యవహరించడమే కారణమని తెలిసి, మైనస్ పెద్ద టీ ఆప్షన్‌తో దాన్ని పిలిచేలా తాత్కాలికంగా ఒక చిన్న స్క్రిప్టు పెట్టి దాటాను.

పాత డీబీఏ గారూ, మీరు అడిగినవి ఇవి. స్క్రిప్టు నిలిచి ఉన్నప్పుడు సీఎస్ఎస్ ఆన్‌లైన్‌లోనే ఉంది. మొదటి నోడ్ నుంచి చూసినా రెండు నోడ్లూ సభ్యులుగానే కనిపించాయి. ఏఎస్ఎం మాత్రం పైకి లేవడం లేదు. దాని అలర్ట్ లాగ్‌లో 'ఐపీసీ సెండ్ టైమౌట్' (పంపిన సందేశానికి గడువులోగా జవాబు లేదు) అన్న వరుస పదే పదే కనిపిస్తోంది, ఆ తర్వాత ఇన్‌స్టెన్స్ ఆగిపోతోంది. మూడో ప్రశ్నకు నా సమాధానం 'లేదు' అనే. క్షమించండి, బాగా ఆలోచించే రాస్తున్నాను.

సీతమ్మధార_పాత_డీబీఏ | శనివారం, ఉదయం 6.15

ఇప్పుడు ఏ అంతస్తులో చిక్కుందో తెలుస్తోంది. క్లస్టర్ కింది నుంచి పైకి అంతస్తులుగా లేస్తుంది. అడుగున సీఎస్ఎస్ ఉంటుంది. అది ప్రైవేటు నెట్‌వర్క్ మీద ప్రతి సెకనుకూ ఒక గుండెచప్పుడు పంపుతుంది, ఓటింగ్ డిస్కు మీద కూడా ఒక గుర్తు రాస్తుంది. ఈ రెండూ మీ దగ్గర నడుస్తున్నాయి కనుకనే రెండు నోడ్లూ సభ్యులుగా కనిపిస్తున్నాయి. అంటే స్టోరేజీ అందుతోంది, డిస్కుల అనుమతులు సరిగా ఉన్నాయి, ప్రైవేటు కేబులు కూడా ఎక్కడో తెగిపోలేదు.

దాని పైఅంతస్తులో ఏఎస్ఎం ఉంటుంది. రెండో ఇన్‌స్టెన్స్ మొదటి దానితో చేరేటప్పుడు అవి ఒకదానికొకటి పెద్ద పెద్ద సందేశాలు పంపుకుంటాయి. మీ దగ్గర చిన్న సందేశాలు అవతలికి చేరుతున్నాయి, పెద్దవి దారిలో మాయమవుతున్నాయి. ఇది డేటాబేసు జబ్బు కాదు. నెట్‌వర్క్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి ఇటు రండి.

డాబాగార్డెన్స్_నెట్‌వర్క్ | శనివారం, ఉదయం 7.40

పిలిచినందుకు వచ్చాను. గాజువాక గారూ, ప్రైవేటు ఇంటర్‌ఫేసుల ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, బైట్లలో) ఎంత పెట్టారు? 9000 అని మీరు చెబుతారని పందెం కాస్తాను.

రెండు పరీక్షలు చేయండి. మొదట మామూలు పింగ్. తర్వాత ముక్కలు చేయవద్దన్న ఆప్షన్ పెట్టి, 8972 బైట్ల పరిమాణంతో పింగ్. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందంటే, 9000 నుంచి ఐపీ హెడర్‌కు 20, పింగ్ వాడే ఐసీఎంపీ హెడర్‌కు 8 తీసేస్తే మిగిలేది అది. ఇక్కడ ఫలితాన్ని చదవడంలో ఒక మెలిక ఉంది. 'మెసేజ్ టూ లాంగ్' అని జవాబు వస్తే మీ సర్వరు ఇంటర్‌ఫేసే చిన్నదన్న మాట. ఏ జవాబూ రాకుండా మౌనంగా ప్యాకెట్లు పోతూ ఉంటే, సర్వర్లు రెండూ 9000కు ఒప్పుకున్నాయి గానీ మధ్యలోని స్విచ్ ఒప్పుకోలేదన్న మాట. స్విచ్ రెండో పొరలో పనిచేస్తుంది కాబట్టి, తనకు పట్టని ఫ్రేమును ఎవరికీ చెప్పకుండా కింద పడేస్తుంది. ఫిర్యాదు చేసే బాధ్యత దానికి లేదు.

గాజువాక_సర్వర్ | శనివారం, ఉదయం 9.20

మామూలు పింగ్ వెళ్తోంది. 8972తో వంద పంపితే ఒక్కటీ తిరిగి రాలేదు, మీరన్నట్టే పూర్తి మౌనం.

పాత డీబీఏ గారి మూడో ప్రశ్నకు నా సమాధానాన్ని ఇప్పుడు సవరించుకోవాలి. వెరిఫికేషన్ నివేదిక చేతికొచ్చిన మర్నాడు, ఆర్‌ఏసీకి జంబో ఫ్రేములు (పెద్ద ప్యాకెట్లు) మంచివని చదివి, రెండు సర్వర్లలోనూ ఎంటీయూను 1500 నుంచి 9000కు మార్చాను. మార్చిన తర్వాత మామూలు పింగ్ చేసి, పనిచేస్తోందని సంతృప్తి పడి, ఆ సంగతే మరచిపోయాను. వెరిఫికేషన్‌ను మళ్లీ నడపలేదు. స్విచ్ వైపు చూడనే లేదు. ప్రైవేటు నెట్‌వర్క్ మీదుగా ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అవుతోంది గానీ, పెద్ద ఫైలు కాపీ చేస్తే బిగుసుకుపోతోందని మొన్న గమనించాను కూడా. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

డాబాగార్డెన్స్_నెట్‌వర్క్ | శనివారం, ఉదయం 9.45

ఎస్‌ఎస్‌హెచ్ సంగతి మంచి ఆనవాలు, దాన్ని గుర్తు పెట్టుకోండి. లాగిన్ సంభాషణ చిన్న ప్యాకెట్లతో గడిచిపోతుంది, ఫైలు కదలగానే రెండు కొసలూ ఒప్పుకున్న పెద్ద ప్యాకెట్లు బయల్దేరి స్విచ్ దగ్గర పడిపోతాయి. స్విచ్‌లో ఆ పోర్టుల కౌంటర్లు చూస్తే 'జెయింట్స్' అన్న వరుసలో అంకె పెరుగుతూ కనిపించవచ్చు.

స్విచ్ వైపు 9000 అని కాకుండా, అది అనుమతించే గరిష్ఠం, చాలా స్విచ్‌లలో 9216, పెట్టండి. స్విచ్ కొలిచే పరిమాణంలో ఈథర్‌నెట్ హెడర్, వీల్యాన్ ట్యాగ్ కూడా చేరతాయి కాబట్టి కొంత వెసులుబాటు ఉండాలి. కొన్ని నమూనాల్లో ఈ అమరికను పోర్టుకు కాక స్విచ్ మొత్తానికి పెట్టాలి, అది అమలు కావడానికి స్విచ్‌ను పునఃప్రారంభించాలి. కనుక అదే స్విచ్ మీద ఇంకెవరి పని నడుస్తోందో ముందు కనుక్కోండి.

మర్రిపాలెం_అడ్మిన్ | శనివారం, ఉదయం 10.10

తుడిచేయమన్న నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక సందేహం. ఉన్నవి రెండే నోడ్లు. మధ్యలో స్విచ్ ఎందుకు? ప్రైవేటు నెట్‌వర్కుకు ఒక సర్వరు నుంచి మరో సర్వరుకు నేరుగా కేబులు లాగితే ఈ ఎంటీయూ గొడవే ఉండదు కదా?

సీతమ్మధార_పాత_డీబీఏ | శనివారం, ఉదయం 11.00

నేరు కేబులును ఒరాకిల్ సమర్థించదు, దానికి తగిన కారణమూ ఉంది. ఒక సర్వరు కరెంటు పోయి పడిపోయిందనుకోండి. నేరుగా కలిపిన కేబులైతే, బతికి ఉన్న సర్వరు పోర్టులో కూడా లింకు పోతుంది. అప్పుడు 'అవతలివాడు చచ్చిపోయాడా, నా చెయ్యే విరిగిందా' అన్నది దానికి తేలదు. మధ్యలో స్విచ్ ఉంటే, పక్కవాడు పోయినా తన లింకు వెలుగుతూనే ఉంటుంది. క్లస్టర్‌లో కీలక నిర్ణయాలన్నీ ఈ తేడా మీద ఆధారపడి ఉంటాయి. వీలైతే రెండు స్విచ్‌లు పెట్టి, ఒక్కో సర్వరు నుంచి ఒక్కో కేబులు ఒక్కో స్విచ్‌కు వెళ్లేలా చేయండి.

జంబో ఫ్రేముల వల్ల లాభం ఉందా అని ఎవరైనా అడుగుతారు కనుక అదీ చెబుతాను. డేటాబేసు బ్లాకు సాధారణంగా 8 కేబీ. 1500 ఎంటీయూలో ఒక్క బ్లాకు ఒక నోడ్ నుంచి మరో నోడ్‌కు వెళ్లాలంటే ఆరు ముక్కలు కావాలి. వాటిలో ఏ ఒక్కటి దారితప్పినా మొత్తం బ్లాకును మళ్లీ పంపాలి. 9000లో బ్లాకు ఒకే ఫ్రేములో పడుతుంది. కాబట్టి మీరు చదివిన సలహా మంచిదే. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ప్రతి గుమ్మం దగ్గరా అదే వెడల్పు ఉందో లేదో చూడకపోవడమే పొరపాటు.

గాజువాక_సర్వర్ | శనివారం, సాయంత్రం 5.30

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. స్విచ్‌లో జంబో ఫ్రేములను అనుమతించాను. 8972 పింగ్ వందకు వంద తిరిగి వచ్చాయి. ఏదీ తుడవకుండా రెండో నోడ్‌లో అదే రూట్ స్క్రిప్టును మళ్లీ నడిపితే, ముందు పూర్తయిన అడుగులను దాటుకుంటూ వెళ్లి 'స్టార్ట్‌క్లస్టర్'ను ముగించింది. ఏఎస్ఎం రెండు నోడ్లలోనూ లేచింది.

ఇప్పుడు వెరిఫికేషన్ ఇచ్చిన ఆ ఒక్క హెచ్చరిక మిగిలింది. క్లయింటు దగ్గర పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్ఎస్ సర్వరు లేదు. అందుకే స్కాన్ పేరును రెండు నోడ్ల హోస్ట్స్ ఫైళ్లలో ఒక్క చిరునామాతో రాశాను. ఇలాగే వదిలేయవచ్చా?

ఎంవీపీ_లినక్స్ | శనివారం, సాయంత్రం 6.10

పనిచేస్తుంది, కానీ వదిలేయవద్దు. స్కాన్ 11జీ రెండో విడుదలతో వచ్చింది. దాని ఉద్దేశం, అప్లికేషన్ల వైపు ఒక్క పేరు మాత్రమే రాసి ఉంచి, రేపు నోడ్లు పెరిగినా తగ్గినా ఆ పేరు మార్చనక్కరలేకుండా చేయడం. నోడ్లు ఎన్ని ఉన్నా ఆ పేరుకు మూడు చిరునామాలు ఉండాలని, డీఎన్ఎస్ వాటిని వంతులవారీగా తిప్పి ఇవ్వాలని ఒరాకిల్ చెబుతుంది. హోస్ట్స్ ఫైలుకు వంతులు తిప్పడం తెలియదు, కాబట్టి మీకు ఒకే స్కాన్ లిజనర్ (కొత్త కనెక్షన్లను అందుకునేది) వస్తుంది. అది ఒక నోడ్ నుంచి మరో నోడ్‌కు మారుతున్న ఆ కొద్ది క్షణాల్లో కొత్త కనెక్షన్లకు తలుపు మూసి ఉంటుంది.

ఒక చిన్న వర్చువల్ మెషిన్‌లో బైండ్ అనే డీఎన్ఎస్ సాఫ్ట్‌వేరు పెట్టండి. అరగంట పని. పబ్లిక్ నెట్‌వర్క్ ఉన్న సబ్‌నెట్‌లోనే, ఎవరూ వాడని మూడు చిరునామాలు తీసుకోండి. తర్వాత ఎస్‌ఆర్‌వీసీటీఎల్ ఆదేశంతో స్కాన్ లిజనర్‌ను, స్కాన్‌ను ఆపి, రూట్ యూజరుగా స్కాన్ పేరును మోడిఫై చేయాలి. అప్పుడు అది డీఎన్ఎస్‌ను మళ్లీ అడిగి మూడు చిరునామాలనూ తెచ్చుకుంటుంది. ఆ తర్వాత లిజనర్‌ను అప్‌డేట్ ఆప్షన్‌తో సవరించి, రెండింటినీ లేపండి. గ్రిడ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు.

పెందుర్తి_విద్యార్థి | శనివారం, రాత్రి 8.00

నేను ఇంకా నేర్చుకుంటున్నవాడిని. ఈ చర్చ చదువుతూ ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషిన్లు పెట్టి ప్రయత్నించాలనుకుంటున్నాను. ఎంత మెమరీ కావాలి? అలాగే, మా బంధువుల దుకాణాల గొలుసులో 19సీ స్టాండర్డ్ ఎడిషన్ 2 లైసెన్సు ఉంది. దాని మీద ఇలా రెండు నోడ్లు పెట్టవచ్చా?

సీతమ్మధార_పాత_డీబీఏ | శనివారం, రాత్రి 8.45

బాబూ, 19సీ గ్రిడ్‌కు ఒక్కో నోడ్‌లో కనీసం 8 జీబీ కావాలి. కాబట్టి రెండు నోడ్లు, వాటి పక్కన డీఎన్ఎస్, ల్యాప్‌టాప్ సొంత అవసరాలు కలుపుకుంటే 32 జీబీ ఉంటే ఊపిరాడుతుంది. పంచుకునే డిస్కులను ముందుగానే పూర్తి పరిమాణంతో సృష్టించి, రెండు మెషిన్లకూ రాసే అనుమతి ఇవ్వండి. డిస్కుల పేర్లు రీబూట్‌కు రీబూట్‌కు మారిపోకుండా యూడెవ్ నియమాలు రాసి, యాజమాన్యం గ్రిడ్ యూజరుకు, ఏఎస్ఎం అడ్మిన్ గ్రూపుకు, అనుమతి 0660 ఉండేలా చూడండి.

లైసెన్సు విషయంలో మాత్రం మీ బంధువులను జాగ్రత్త పడమనండి. స్టాండర్డ్ ఎడిషన్ 2లో 18సీ వరకు పరిమితులతో ఆర్‌ఏసీ ఉండేది. 19సీ నుంచి తీసేశారు. దాని బదులు 19.7 నుంచి స్టాండర్డ్ ఎడిషన్ హై అవైలబిలిటీ అని ఒకటి ఇచ్చారు. అందులో డేటాబేసు ఒక సమయంలో ఒక నోడ్‌లోనే నడుస్తుంది, ఆ నోడ్ పడితే రెండో దానిలో లేస్తుంది. చిన్న దుకాణాలకు అదే చాలు అని నా అభిప్రాయం. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో కూడా ఆర్‌ఏసీ విడిగా డబ్బు కట్టవలసిన ఆప్షన్.

పేరు గురించి కొత్తవాళ్లకు నేను చెప్పే పోలిక ఒకటుంది. రైల్లో ఆర్‌ఏసీ అంటే ఒకే బెర్తును ఇద్దరు పంచుకోవడం. ఇక్కడా అంతే, ఒకే డేటాబేసును రెండు సర్వర్లు పంచుకుంటాయి. కాళ్లు చాపుకునేటప్పుడు ఒకరికొకరు చెప్పుకోకపోతే రెండు చోట్లా ఇబ్బందే.

గాజువాక_సర్వర్ | ఆదివారం, మధ్యాహ్నం 3.15

స్కాన్ మూడు చిరునామాలతో పనిచేస్తోంది. డేటాబేసు కూడా సృష్టించాను. ఈరోజు కేబుళ్లు లాగి పరీక్షించాను. రెండో నోడ్ ప్రైవేటు కేబుళ్లు రెండూ ఒకేసారి పీకితే, సుమారు 30 సెకన్ల తర్వాత రెండో నోడ్ క్లస్టర్ నుంచి బయటకు వెళ్లింది. అయితే సర్వరు రీబూట్ కాలేదు, క్లస్టర్ సేవలు మాత్రమే ఆగి మళ్లీ మొదలయ్యే ప్రయత్నం చేశాయి. ఇది సరైనదేనా? ఇంకొకటి, రెండో నోడే ఎందుకు పోయింది? కేబులు పీకింది దానిదే కాబట్టి అనుకున్నాను, కానీ మళ్లీ మొదటి నోడ్ కేబుళ్లు పీకినప్పుడు కూడా రెండో నోడే పోయింది.

సీతమ్మధార_పాత_డీబీఏ | ఆదివారం, సాయంత్రం 4.30

మీరు చూసింది అంతా సరైన ప్రవర్తనే. అవతలి నోడ్ గుండెచప్పుడు వినిపించకపోతే ఆగి చూసే మిస్‌కౌంట్ అనే గడువు 30 సెకన్లు, దాన్ని మార్చవద్దు. 11.2.0.2 నుంచి, వీలైనంత వరకు సర్వరును పడగొట్టకుండా క్లస్టర్ సేవలనే ఆపి లేపుతుంది.

రెండో ప్రశ్న అసలైన ప్రశ్న. కేబులు ఎవరిది తెగిందన్నది క్లస్టర్‌కు తెలియదు. రెండు నోడ్లకూ ఒకదాని మాట మరొకదానికి వినిపించడం లేదన్నదే తెలుసు. అప్పుడు రెండూ ఓటింగ్ డిస్కుల దగ్గరకు వెళ్తాయి. ఇద్దరే ఉన్నప్పుడు సమానమైన చీలిక వస్తుంది కదా, మిగతావన్నీ సమానమైతే చిన్న సంఖ్య గల నోడ్ నిలుస్తుంది. అందుకే మొదటి నోడ్ కేబులు పీకినా అదే బతికింది. 12.2 నుంచి, ఏ నోడ్ మీద ఎక్కువ పని ఉందో తూచి, ఆ బరువును బట్టి నిర్ణయించే వీలు కూడా వచ్చింది.

ఓటింగ్ ఫైళ్లు (ఓటింగ్ డిస్కులు) మూడు పెట్టారని అనుకుంటున్నాను. నార్మల్ రిడండెన్సీలో మూడే వస్తాయి. నోడ్ బతకాలంటే సగం కంటే ఎక్కువ, అంటే రెండు, దానికి కనిపించాలి. బేసి సంఖ్య పెట్టేది ఇందుకే. అయితే మీ మూడూ ఒకే స్టోరేజీ పెట్టెలో ఉన్నాయి. ఒక డిస్కు పొరపాటున ఊడిపోతే కాపాడతాయి, పెట్టే పోతే కాపాడలేవు.

అప్లికేషన్ వాళ్లతో ఒక మాట మాట్లాడండి. ఇన్‌వాయిస్ నంబర్ల మధ్య ఖాళీలు రాకూడదని సీక్వెన్సులను (వరుస నంబర్లు ఇచ్చేవి) నోక్యాష్ (నంబర్లను ముందుగా తీసి ఉంచుకోకుండా), ఆర్డర్ (అడిగిన వరుసలోనే) అని పెట్టి ఉంటే, ప్రతి నంబరుకూ రెండు నోడ్లు ఒకే బ్లాకు కోసం లాక్కుంటాయి. జీఎస్టీ నిబంధనల్లో ఇన్‌వాయిస్‌కు వరుస సంఖ్య ఉండాలన్నది నిజమే, కానీ నోక్యాష్ పెట్టినా రోల్‌బ్యాక్ అయిన (రద్దయిన) లావాదేవీతో నంబరు పోతూనే ఉంటుంది. కాబట్టి అంతర్గత కీలకు సీక్వెన్సును పెద్ద క్యాష్‌తో వాడి, ఇన్‌వాయిస్ సంఖ్యను బిల్లు ఖరారయ్యే చోట విడిగా ఒక పట్టిక నుంచి ఇవ్వమనండి.

మర్రిపాలెం_అడ్మిన్ | ఆదివారం, సాయంత్రం 5.00

క్లయింటుకు 'ఇక మీ డేటాబేసు ఎప్పటికీ ఆగదు' అని ధైర్యంగా చెప్పేయవచ్చు.

సీతమ్మధార_పాత_డీబీఏ | ఆదివారం, సాయంత్రం 5.50

ఆ మాట మాత్రం చెప్పవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడిన రోజున నేను ఒక సంస్థలో ఇలాంటి రెండు నోడ్ల క్లస్టర్‌ను చూసుకుంటున్నాను. అంతకు ముందు నెలల్లో కేబులు పీకే పరీక్షలు, కరెంటు తీసే పరీక్షలు అన్నీ నెగ్గిన క్లస్టర్ అది. తుపాను వచ్చాక ఊరంతా కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల మీద చెట్లు. జనరేటర్‌కు డీజిలు అయిపోయింది. ఒకే గదిలో, ఒకే ర్యాకులో ఉన్న రెండు నోడ్లూ ఒకేసారి మౌనంగా పడుకున్నాయి. కిటికీ అద్దం పగిలి లోపలికి వచ్చిన వాన నీరు స్టోరేజీకి రెండు అడుగుల దూరంలో ఆగింది. క్లస్టర్ తన పని తాను తప్పకుండా చేసింది, కానీ ఆ పని సర్వరు పోతే కాపాడటం వరకే. గది పోతే కాపాడటం దాని పని కాదు.

దానికి డేటా గార్డ్ (డేటాబేసు రెండో ప్రతిని, అంటే స్టాండ్‌బైని, వేరే చోట తాజాగా ఉంచే ఒరాకిల్ సదుపాయం) కావాలి. తీరానికి దూరంగా, ఉదాహరణకు హైదరాబాదులో, ఒక స్టాండ్‌బై పెట్టండి. అంత దూరానికి సింక్రోనస్ పద్ధతి (ప్రతి మార్పు అవతలికి చేరేదాకా ఆగడం) వద్దని నా సలహా. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు దాదాపు 5 మైక్రోసెకన్లు పడుతుంది. రోడ్డు లెక్కన ఆరు వందల కిలోమీటర్లకు పైబడిన దారిలో పోయి రావడానికే, మధ్యలోని పరికరాలను లెక్కించకుండా, 6 మిల్లీసెకన్లు దాటుతుంది. ప్రతి కమిట్‌కూ ఆ నిరీక్షణను క్లయింటు భరించాలి. అలా ఆగని అసింక్రోనస్ పెడితే, ప్రమాదం జరిగిన క్షణానికి చివరి కొన్ని సెకన్ల లావాదేవీలు పోవచ్చు. ఎంత పోతే ఓర్చుకోగలరో క్లయింటును అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ నిర్ణయం మనది కాదు.

గాజువాక_సర్వర్ | సోమవారం, సాయంత్రం 6.20

ఈరోజు క్లయింటు ముందు ఒక నోడ్ కరెంటు తీసి చూపించాను. నడుస్తున్న నివేదిక కొద్దిసేపు నిలిచి, రెండో నోడ్ మీద కొనసాగింది. వాళ్లు సంతోషించారు. హుద్‌హుద్ సంగతి ఎత్తగానే మాత్రం గదిలో అందరూ ఒక్కసారిగా గంభీరమయ్యారు. ఆ రోజుల్లో వాళ్ల శీతల గిడ్డంగి ఎంత నష్టపోయిందో వాళ్లే చెప్పడం మొదలుపెట్టారు. హైదరాబాదు స్టాండ్‌బైకి అంచనా ఖర్చు ఇవ్వమన్నారు.

డాబాగార్డెన్స్_నెట్‌వర్క్ | సోమవారం, రాత్రి 7.05

అభినందనలు. చిన్న ప్రశ్న. శనివారం స్విచ్‌లో జంబో ఫ్రేములు పెట్టారు కదా, ఆ అమరికను సేవ్ చేశారా? నడుస్తున్న కాన్ఫిగరేషన్‌లో మార్పు ఉండి, ప్రారంభ కాన్ఫిగరేషన్‌లో లేకపోతే, స్విచ్‌కు కరెంటు పోయి వచ్చిన రోజున మళ్లీ 1500కే వెళ్తుంది.

గాజువాక_సర్వర్ | సోమవారం, రాత్రి 7.30

సేవ్ చేయలేదు. ఇప్పుడే క్లయింటు ఆఫీసుకు ఫోన్ చేసి, అక్కడున్న మా వాడితో చేయించాను. రేపు ఉదయం నేనే వెళ్లి, స్విచ్‌ను ఒకసారి ఆపి లేపి, 8972 పింగ్ చేసి చూసి వస్తాను.

డాబాగార్డెన్స్_నెట్‌వర్క్ | సోమవారం, రాత్రి 7.35

ఆపేముందు రెండో నోడ్‌లో క్లస్టర్‌ను మీరే పద్ధతిగా ఆపండి. ఉన్నది ఒక్కటే స్విచ్ అయితే, అది లేచేసరికి 30 సెకన్లు దాటిపోతాయి.

గాజువాక_సర్వర్ | మంగళవారం, ఉదయం 8.50

అలాగే చేశాను. స్విచ్ లేవడానికి రెండు నిమిషాలకు పైగా పట్టింది. 8972 పింగ్ వందకు వంద వచ్చాయి. రెండో స్విచ్ కొనడానికి కూడా ఈరోజే అభ్యర్థన పంపాను.